సలేశ్వరం దారిలో జానయ్య సంచి

జానయ్య సైకిలును ముందు కళ్లతో చూడడు, చెవితో వింటాడు. చక్రాన్ని నేల మీది నుంచి లేపి ఒక్క తిప్పు తిప్పి, తల పక్కకు వంచి, అది ఆగిందాకా మాట్లాడడు. ఆ తర్వాత గానీ పానా చేతికి తీసుకోడు. దేవరకొండలో సైకిళ్లు కిరాయికిచ్చే అతని సైకిల్ టాక్సీ దుకాణం మా సాలెవాడ మొదట్లో, సరిగ్గా మా అరుగుకు ఎదురుగా ఉంది. నేను నాలుగో తరగతి దాకానే చదివాను. ఎదురు దుకాణంలో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి చదువుతో పనేముంది? అరుగు మీద మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ పన్నెండేళ్లు చూశాను. చూసినకొద్దీ, ఈ మనిషి ఏదో దాస్తున్నాడనే అనిపించేది.

అతని తండ్రి మైసయ్య డిండి పక్క పల్లెలో ఒక దొర ఇంట్లో జీతం ఉన్నవాడు. జానయ్య కూడా చిన్ననాటి నుంచి ఆ ఇంటి పశువుల వెంటే తిరిగాడు. ఎండాకాలం గడ్డి దొరక్కపోతే పశువులను తోలుకొని నల్లమల ఎక్కి, వానలు పడేదాకా అక్కడే ఉండేవాడట. దొర కొడుకు సైకిలు కొన్నప్పుడు దాన్ని రోజూ తుడవడం జానయ్య పని. తుడవడమే, ఎక్కడం కాదు. తుడుస్తూ తుడుస్తూ దాని లోగుట్టంతా తెలుసుకున్నాడు. పోలీసు చర్య తర్వాత దొర పట్నం చేరాడు, జానయ్య దేవరకొండ చేరాడు. చర్చి వాడలో గుడిసె వేసుకొని, మా వీధి మొదట్లో రేకుల డబ్బా పెట్టి, ఒక పాత సైకిలుతో మొదలుపెట్టి ఎనిమిది చేశాడు. ఆ ఎనిమిదింటికీ పేర్లున్నాయి. ఒకటి దగ్గుది, ఒకటి మొండిది, దీపం లేనిది గుడ్డిది. ఏ సైకిలు ఎవరికిచ్చాడో కాగితం మీద రాసుకోడు. ఎవరు ఏది అడిగినా ఎదురు ప్రశ్న వేస్తాడు.

"జానయ్యా, ఇయ్యాల దుకాణం జల్ది మూసినవేంది?"

"ఎందుకమ్మా, నీకు సైకిలు కావాల్నా?"

ఇట్లాంటి మనిషితో ఏం మాట్లాడతాం?

ప్రతి యేటా చైత్ర పున్నమికి మా వీధి మగవాళ్లు సలేశ్వరం లింగమయ్య జాతరకు పోతారు. సలేశ్వరం నల్లమల నడిమధ్యన, ఒక లోతైన లోయలో ఉంది. ఇదివరకు నడిచిపోయేవాళ్లు. జానయ్య వచ్చాక సైకిళ్ల మీద పోవడం మొదలైంది. సైకిళ్లూ అతనివే, దారి చూపేదీ అతనే. పోను రాను ఆరు రోజులు. డిండి మీదుగా హాజీపూర్ చౌరస్తా, అక్కడి నుంచి మన్ననూరు ఘాటు, ఆ పైన ఫరహాబాదు అడవి. ఏ మలుపు దగ్గర దిగాలో, ఏ చెలిమలో ఎండల్లో కూడా నీళ్లుంటాయో అతనికే తెలుసు. పశువులు తోలిన దారులు కదా.

అరవయ్యో సంవత్సరం జాతరలో ఒక చిక్కు వచ్చింది. మన్ననూరు చౌకీ దగ్గర ఎవడో ఒకడి సైకిలు మీద, చొప్ప కట్టలో చుట్టిన దుప్పి తోలు దొరికింది. వాడెవడో, ఎక్కడివాడో. కానీ ఆ రోజు నుంచి సైకిలు మీద వచ్చిన ప్రతివాడి మీదా అడవి గార్డు కన్ను పడింది. "నీ మీద ఒక్క ఫిర్యాదు వచ్చిందా, ఎనిమిది సైకిళ్లు చౌకీల పడ్తయి. మళ్ల అడగొద్దు" అని జానయ్యతో అందరి ముందే అన్నాడట. ఎనిమిది సైకిళ్లంటే జానయ్య దుకాణం మొత్తం. అవి పోతే అతనూ, భార్య బిక్షమ్మా, పిల్లలూ మళ్లీ ఎవరింట్లోనో జీతానికి నిలబడాలి. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే చేశానని ఎవరైనా అంటే కాదనలేను.

మరుసటి యేడు జాతరకు పది రోజుల ముందు, మా పక్కింటి గోపమ్మ వచ్చి నా చెవిలో వేసింది.

"సుభద్రక్కా, పోయినేడు మా ఆయన చెప్పిండు. అందరు లింగమయ్య కాడికి దిగితే జానయ్య దిగడట. పైన్నే ఉంటడట, ఒక్కడే. పొద్దంత ఏం చేస్తడు?"

"సైకిళ్లకు కావలుంటడు కావచ్చు."

"కావలున్నోని చేతులు నల్లగెందుకైతయి? వీళ్లు ఎక్కి వచ్చేసరికి మోచేతుల దాక నలుపట. ఒక సంచుంటదట. దాని మీద ఎవ్వర్ని చెయ్యి వెయ్యనియ్యడట."

ఆ మాటతో నాకు అన్నం సయించలేదు. మర్నాడు బిక్షమ్మ మా బావికి నీళ్ల కోసం వస్తే మెల్లగా కదిలించాను.

"బిక్షమ్మా, మీ ఆయన జాతరకు సంచిల ఏం తీస్కపోతడు?"

"నాకేం తెల్సమ్మా. రొట్టెలు నేనే కట్టిస్త. సంచి ఆయనే కట్టుకుంటడు."

"నువ్వు ఎన్నడు ఇప్పి చూడలేదా?"

"నేను చూడనమ్మా" అంది బిక్షమ్మ, చేద పైకి లాగుతూ. "మా ఇంట్ల గట్ల చూసే అలవాటు లేదు."

అది నాకు తగిలించిన మాటే అని ఇల్లు చేరాక తెలిసింది.

నా తమ్ముడు రామచంద్రయ్య ఆ యేడు జట్టుకు పెద్ద. నేనూ వస్తానన్నాను. మొక్కు ఉందన్నాను. మొక్కు ఉన్న మాట అబద్ధం కాదు, కాకపోతే ఎప్పటిదో.

"ఆడోళ్లు రారక్కా. నువ్వు సైకిలు తొక్కుతవా ఏంది?"

"నువ్వు తొక్కు. నేను వెనుక కూసుంట."

"ఘాటు ఎక్కేటప్పుడు నిన్ను మోసుకుంట నేనెక్కాల్నా?"

"ఎక్కేటప్పుడు దిగి నడుస్త. దిగేటప్పుడు ఎక్కుత."

జానయ్య ఆ మాట విని, పానా కింద పెట్టి నా వంక చాలాసేపు చూశాడు. "ఎందుకు వస్తున్నవమ్మా?" అన్నాడు.

"ఎందుకు, నేను దేవుణ్ని చూడొద్దా?" అన్నాను. అతని పద్ధతిలోనే.

బయలుదేరిన రోజు పొద్దున్నే మొత్తం తొమ్మిది సైకిళ్లు. ఎనిమిది మా వాళ్లు కిరాయికి తీసుకున్నవి, తొమ్మిదోది జానయ్య తను ఎక్కేది. దాని హ్యాండిలుకు ఖాకీ గుడ్డ సంచి, మూతికి మూడు ముళ్లు. మా వాళ్లలో గండయ్య అందరికంటే లావు మనిషి, అతనికెప్పుడూ దగ్గుదే వస్తుంది. జానయ్య అతన్ని అందరికంటే ముందు పెట్టాడు.

"నన్నెందుకు ముందల పెడ్తవు? ఉరికేటోళ్లను పెట్టు" అన్నాడు గండయ్య.

"ఉరికేటోడు ముందలుంటే నువ్వు అడివిల తప్పిపోతవు. నువ్వు ముందలుంటే ఎవ్వడు తప్పిపోడు."

ఎక్కేటప్పుడు జానయ్య అందరికీ వెనుక, దిగేటప్పుడు అందరికీ ముందు. అది అతని ఏర్పాటు. అతన్ని దాటి ఎవరూ పోకూడదు. నేను తమ్ముడి వెనుక క్యారియర్ మీద పక్కకు తిరిగి కూర్చున్నాను కాబట్టి, నాకు ఆ సంచి దారంతా కనిపిస్తూనే ఉంది. గుంత వచ్చినప్పుడల్లా అందులో ఏవో ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యేది. రొట్టెలు అట్లా చప్పుడు చేయవు.

డిండి చెరువు దగ్గర మొదటి మజిలీ. జానయ్య స్నానానికి దిగాడు. సైకిలు తుమ్మ చెట్టుకు ఆనించి ఉంది. ముళ్లు విప్పలేదు. అంత చెడ్డదాన్ని కాను. పైనుంచి చేత్తో తడిమి చూశానంతే. వేలెడు వేలెడు ముక్కలు, గట్టివి, గుడ్డలో నాలుగు నాలుగు చొప్పున వరుసగా చుట్టి కట్టినవి.  పన్నెండేళ్ల కిందట, గడబిడ రోజుల్లో, మా ఇంటి వెనుక గడ్డివాములో ఎవరో దాచిపోయిన మూట మా అత్త చేతికి తగిలింది. నేనూ పట్టుకొని చూశాను. తూటాలు. చేతికి అచ్చం ఇట్లాగే తగిలాయి.

ఇక అంతా అర్థమైనట్టే అనిపించింది. పైకి పోయేటప్పుడు తూటాలు, కిందికి వచ్చేటప్పుడు తోళ్లు. చేతులకు నలుపంటే తుపాకి మందు. మా వాళ్లు లింగమయ్యకు దండం పెడుతుంటే ఇతను పైన వేటగాళ్లతో బేరం.

తమ్ముడికి చెప్పాను. "నీకు బుద్ధి ఉన్నదా అక్కా" అన్నాడు. "జానయ్య ఆదివారం చర్చికి పోయేటోడు. కోడిని కొయ్యమంటే మొకం తిప్పుకుంటడు."

"కోడిని కొయ్యనోడు తూటాలు అమ్మొద్దా?"

"సప్పుడు చెయ్యకు. గార్డు చెవిన పడిందంటే ఆయన బతుకు పోతది."

అదొక్కటీ నాకు గుర్తు చేయనక్కర్లేదు. ఘాటు పైన మన్ననూరు చౌకీలో పోయేటప్పుడు మమ్మల్ని ఎవరూ ఆపలేదు, అది దాటేదాకా నోరు కట్టుకున్నాను.

మన్ననూరు ఘాటు నేను నడిచే ఎక్కాను. మగవాళ్లూ సైకిళ్లు తోసుకుంటూ నడిచారు. మోదుగు పూలు రాలి దారంతా ఎండిపోయి ఉన్నాయి. ఒక్కో మలుపు తిరిగినకొద్దీ కింద మా మైదానం, జొన్న చేలు కోసిన తెల్లటి మళ్లు, అంత దూరంలో డిండి నీళ్లు అద్దం ముక్కలాగా కనిపించాయి. గండయ్య ప్రతి మలుపు దగ్గరా కూర్చున్నాడు. అతను లేచేదాకా జానయ్య నిలబడే ఉన్నాడు, ఒక్కసారీ విసుక్కోలేదు. ఆ ఓపిక చూసి కూడా నాకు అనుమానమే పెరిగింది. ఇంత మంచితనం ఊరికే ఉంటుందా?

పైన గాలి మారింది. ఎండ అదే అయినా చెమట ఆరిపోతోంది. ఫరహాబాదు దాటాక ఎర్రమట్టి దారి, రెండు పక్కలా నిలువెత్తు గడ్డి. ఒక పెంట దగ్గర, అదే చెంచుల గూడెం దగ్గర, వాళ్లు జానయ్యను పేరు పెట్టి పిలిచి, ఆకులో తేనె పోసి ఇచ్చారు. అతనికి ఇక్కడ ఇంత చనువేమిటి? అదీ లెక్కలో వేసుకున్నాను.

సైకిలు పోయే దారి ముగిసిన చోట అందరూ దిగారు. అక్కడి నుంచి లోయలోకి బండల మీదుగా నడకే. జానయ్య మద్ది చెట్టు కింద తొమ్మిది సైకిళ్లూ వరుసగా నిలబెట్టి, తను సంచి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు రావా?" అన్నాను.

"మీరు పోయి రాండమ్మా."

నాకు వెనుక ఉండిపోవాలనే ఉంది. తమ్ముడు చెయ్యి పట్టి లాక్కుపోయాడు. లోయలో జలధార కింద నిలబడ్డాను, లింగమయ్యకు కొబ్బరికాయ కొట్టాను, కానీ కళ్లు మూసుకుంటే ఖాకీ సంచే కనిపించింది. పొద్దు వాలుతుండగా ఎక్కి వచ్చాం. జానయ్య చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. గోపమ్మ చెప్పినట్టే. సంచికి మళ్లీ మూడు ముళ్లు.

మర్నాడు తిరుగు ప్రయాణం. ఫరహాబాదు నుంచి మన్ననూరుకు చాలా వరకు దిగుడే. నేను క్యారియర్ మీద కూర్చున్నాను. అప్పుడు జానయ్య తన ఏర్పాటు తనే మార్చాడు.

"ఇయ్యాల మీరు ముందు పోండి. మలుపు మలుపుకు ఆగుకుంట పోండి. నేను జర ఎనుకకు వస్త."

"దిగేటప్పుడు నువ్వే గదా ముందుండేది?" అన్నాడు రామచంద్రయ్య.

"ఇయ్యాల ఎనుకుంట."

ఎందుకని ఎవరూ అడగలేదు. నేనడిగాను. "నా సైకిలు జర బరువున్నదమ్మా" అన్నాడు. సంచి తప్ప దాని మీద ఏముంది బరువు?

మూడో మలుపు తిరిగాక వెనక్కి చూశాను. దూరంగా జానయ్య వస్తున్నాడు. అతని సైకిలు వెనుక, క్యారియర్‌కు తాడుతో కట్టి, ఆకులతో నిండిన ఒక పెద్ద మద్ది మండ. అది నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. దుమ్ము లేస్తోంది. అతను దాటివచ్చిన దారి చీపురుతో ఊడ్చినట్టు నున్నగా ఉంది. మా ఎనిమిది సైకిళ్ల జాడల్లో ఒక్కటీ మిగల్లేదు.

జాడ తుడిచేస్తున్నాడు! దొంగలు పశువులను తోలుకుపోయేటప్పుడు ఇట్లాగే మండ ఈడ్చుకుంటూ పోతారని మా బాపు చెప్పేవాడు.  మేమంతా ఈ మనిషి వెంట వచ్చామే, రేపు తోళ్లు దొరికితే మాతో సహా కట్టేస్తారే!

మన్ననూరు చౌకీ దగ్గర గార్డు కర్ర అడ్డం పెట్టి అందరినీ ఆపాడు. జానయ్య ఇంకా రాలేదు. "ఎనుక ఎవడన్న ఉన్నడా?" అన్నాడు గార్డు.

ఎవరూ నోరు విప్పకముందే నేను విప్పాను. సంచి, నలుపు, తూటాలు, మండ, తుడిచిన దారి. ఒక్కటీ మిగల్చలేదు. తమ్ముడు నా కొంగు పట్టి గుంజుతూనే ఉన్నాడు.

జానయ్య వచ్చేసరికి మండ లేదు. చౌకీ కనిపించకముందే విప్పేసినట్టున్నాడు. అదీ నేనే చెప్పాను.

"మండ ఎందుకు కట్టినవ్‌రా?" అన్నాడు గార్డు.

జానయ్య నా వంక చూశాడు. కోపం కాదు. మగ్గం మీద పడుగు మధ్యలో తెగినప్పుడు మా ఆయన ముఖం అట్లా అయ్యేది. "ఊకెనే సాబ్" అన్నాడు.

"ఊకెనే కట్టి ఊకెనే ఇప్పినవా? పొద్దంత పైన ఒక్కనివే ఏం చేసినవ్?"

"ఉండుమన్నరు, ఉన్న."

"ఎవరు ఉండుమన్నరు?"

 నా తమ్ముడు తల దించుకున్నాడు. తర్వాత అడిగితే చెప్పాడు. మొదటి యేడు జానయ్య కూడా లోయలోకి దిగబోతే, "నువ్వు సైకిళ్ల కాడనే ఉండు" అన్నది తనేనట. మళ్లీ ఎప్పుడూ ఎవరూ రమ్మనలేదు. అతనూ అడగలేదు.

"సంచి ఇప్పు" అన్నాడు గార్డు. "అందుల ఏమన్న ఉన్నదో, తొమ్మిది సైకిళ్లు లోపటికే."

జానయ్య ముళ్లు విప్పడానికి చాలాసేపు పట్టింది.  గుడ్డ మూటలు ఒకటొకటిగా బల్ల మీద పెట్టాడు. గార్డు ఒకటి విప్పాడు. అందులో తూటాలు లేవు. అరిగిపోయిన బ్రేకు రబ్బర్లు. నాలుగు. ఇంకొకటి విప్పితే ఇంకో నాలుగు. కొన్నింటికి ఇనుము తేలి ఉంది.

గార్డు నా వంక, రబ్బర్ల వంక మార్చి మార్చి చూసి పకపకా నవ్వాడు. "ఇవ్వేనా అవ్వా నీ తూటాలు?"

జానయ్య బతికిపోయాడని నేను అనుకోబోయేలోగా, గండయ్య ముందుకు వంగి ఒక రబ్బరు తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది దగ్గుదానిది! పక్కకు గింత తెగి ఉంటది. నేను ఎక్కినప్పటి సంది చూస్తున్న. ఇది ఇక్కడుంటే నా సైకిలుకు ఏమున్నది?"

ఎనిమిది మందీ తమ తమ సైకిళ్ల దగ్గరికి పరుగెత్తారు. అన్నింటికీ కొత్త రబ్బర్లు, మందంగా, నల్లగా ఉన్నాయి.

"అంటే," అన్నాడు రామచంద్రయ్య మెల్లగా, "దేవరకొండ నుంచి సలేశ్వరం దాక మమ్మల్ని అరిగిన బ్రేకుల మీద తెచ్చినవా?"

గార్డుకు రబ్బర్లతో పనిలేదు. కర్ర తీసి పక్కన పెట్టి లోపలికి పోయాడు. కానీ జానయ్య మెడ మీది కత్తి దిగలేదు, చేతులు మారిందంతే. ఇప్పుడు ఆ ఎనిమిది మంది నోళ్లే అతనికి చౌకీ. వీళ్లు దేవరకొండ పోయి ఒక్కమాట అంటే, ఆ దుకాణంలో సైకిలు ముట్టేవాడు ఉండడు.

అప్పుడు జానయ్య చెప్పాడు. అన్నేళ్లలో అతను ఒక్కసారే అంతసేపు మాట్లాడడం విన్నాను.

"కొత్త రబ్బర్లు దేవరకొండల ఏస్తే, మేక అడ్డమొచ్చినా బర్రె అడ్డమొచ్చినా నొక్కుకుంట వస్తరు. మన్ననూరు వచ్చేసరికి సగం అరుగుతయి. దిగుడుకు ఏం మిగుల్తది? కింద అరిగినయి చాలు, కాలు ఆనిచ్చినా ఆగుతది. ఎక్కేటప్పుడు బ్రేకే వద్దు. గందుకే కొత్తయి సంచిల తెచ్చి పైన ఏస్త. దుకాణం చేరినంక మళ్ల తీసి దాస్త. ప్రతి యేడు గింతే. పట్నం నుంచి తెప్పిస్తే గానీ దొరకయి. ఈ యేడు ఏడు సైకిళ్లకే వచ్చినయి."

"మరి ఎనిమిదోది?" అన్నాను.

"నా సైకిలువి తీసి గండన్నకేసిన."

నేను వెళ్లి అతని సైకిలు చూశాను. బ్రేకుల చోట పాత ముక్కలే బిగించాడు గానీ వాటికి రబ్బరే లేదు. ఉత్త ఇనుము. ఆ మండ జాడ తుడవడానికి కాదు, సైకిలును వెనక్కి పట్టి ఆపడానికి. దిగుడులో బండికి మొద్దు కట్టినట్టు కట్టుకున్నాడు. పట్టు తప్పి వచ్చి మా మీద పడకూడదనే అంత వెనుక వచ్చాడు.

"మాకు ముందు చెప్పొద్దా జానయ్యా?" అన్నాడు రామచంద్రయ్య. "ఒక్కొక్కలం ఒక్కో జత ఇచ్చేటోళ్లం గదా?"

"చెప్తే సైకిలు ఎక్కేటోళ్లా అన్నా?"

 గండయ్య ఒక్కడే, "నేనైతే ఎక్కకపోతుంటి" అన్నాడు. నిజం చెప్పాడు పాపం.

ముందు ఘాటు ఉంది. ఫరహాబాదు దిగుడు దీని ముందు ఎంత? రోడ్డు మలుపుల పక్కనే లోయ. మండ ఇక్కడ పని చేస్తుందో లేదో జానయ్యకే నమ్మకం లేదని అతని ముఖమే చెబుతోంది. మా వాళ్లలో ఇద్దరు, సైకిళ్లు తోసుకుంటూ నడిచే దిగుతామన్నారు. ఒకతను, "ఊరు పోయినంక మాట్లాడుదాం" అన్నాడు. ఆ మాటకు జానయ్య రబ్బర్లు మూట కట్టడం ఆపేశాడు. ఒక్కరూ తమ సైకిలుకున్న జత తీసిస్తామనలేదు. ఎవరి ప్రాణం వాళ్లకు తీపే కదా.

నేను తమ్ముడి సైకిలు దగ్గరికి పోయాను. "నేను నడుస్త. నా బరువు లేకుంటే నీకు ఎనుక జత చాలు. ముందుది జానయ్యకియ్యి."

"ఐదు మైళ్లు నడుస్తవా, గీ ఎండల?"

"నోరు అంత దూరం పోయింది గదా, కాళ్లు పోవా?"

రామచంద్రయ్య గొణుక్కుంటూనే సైకిలు పడుకోబెట్టాడు.  జానయ్య వచ్చి, జత విప్పి, తన సైకిలుకు బిగించాడు. చక్రం తిప్పి విన్నాడు. ఎనిమిది మందినీ వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి బ్రేకు నొక్కి చూసి, మలుపు మలుపుకూ ఆగమని చెప్పి పంపాడు. నడుస్తామన్న ఇద్దరూ చివరికి ఎక్కారు.

తను మాత్రం ఎక్కలేదు. సైకిలు తోసుకుంటూ నా పక్కన నడిచాడు.

"నువ్వెందుకు నడుస్తున్నవ్? ఇప్పుడు బ్రేకున్నది గదా?" అన్నాను.

"తీస్కవచ్చినోళ్లను అడివిల ఇడిసి పోతరా?"

తమ్ముడు ఇచ్చిన జత అట్లా ఉత్తగానే పోయింది.  సగం ఘాటులో నా చెప్పు తెగితే ఆగి, సైకిలు ట్యూబు ముక్క కోసి కట్టాడు. అప్పుడన్నాను, "తప్పు చేసిన జానయ్యా."

"నా సైకిళ్లు పోతుండెనమ్మా" అన్నాడు. అంతే. పరవాలేదనలేదు. అననందుకు నాకు ఇప్పటికీ అతని మీద గౌరవమే.

హాజీపూర్ చౌరస్తాలో ఎనిమిది మందీ చెయ్యి విరక్కుండా, కాలు విరక్కుండా చాయ్ తాగుతూ కూర్చున్నారు. అయినా ఊరు చేరాక మాట ఆగలేదు. ఎవరు చెప్పారో తెలియదు, నేను మాత్రం కాదు. రెండు నెలలు దుకాణం ముందు సైకిళ్లు నిలబడే ఉన్నాయి. కిరాయికి వచ్చినవాళ్లు ముందు వంగి బ్రేకులు చూసి, ఎందుకొచ్చిన గోల అని నడిచి పోయేవాళ్లు. బిక్షమ్మ మా బావికి రావడం మానేసింది.

ఆ మరుసటి యేడు చైత్రం వస్తుండగా, జానయ్య మా అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, జాతరకు ఇప్పటిదాక ఇద్దరే పేర్లిచ్చిండ్రు."

"నేనేం చెయ్యాలె?"

"వచ్చి సైకిళ్లు చూడు. ఎనిమిది చూడు. రబ్బర్లు గూడ సంచి ఇప్పి చూడు. వీధి నా మాట నమ్మదు. నువ్వు చూసినవంటే నమ్ముతది."

"నాకు సైకిలు గురించి ఏం తెల్సు?"

"నీకు తెల్వదని ఎవ్వలకు తెల్వదు. నీ కంట్ల ఏది తప్పదని అందరికి తెల్సు."

అది పొగడ్తో తిట్టో అడగలేదు. కండెలు పక్కన పెట్టి పోయాను. గోపమ్మ, ఆమె వెనుక ఇంకో నలుగురు, మగవాళ్లు కొందరు చుట్టూ చేరారు. సంచి విప్పించి రబ్బర్లు అందరి ముందూ ఒక్కొక్కటే నొక్కి చూశాను. ప్రతి సైకిలూ పట్టి ఊపాను, తిప్పాను, వంగి విన్నట్టు నటించాను. మొండిదాని వెనుక చక్రం పట్టి ఊపితే కదిలింది. నట్టు వదులుగా ఉంది.

"ఇదేంది జానయ్యా?" అని గట్టిగా అరిచాను.

"అయ్యో, చూడకపోతినమ్మా" అని పానా తెచ్చి అందరూ చూస్తుండగా నా చేతికే ఇచ్చాడు. నేనే బిగించాను. గండయ్య అక్కడికక్కడే పేరిచ్చాడు, "సుభద్రక్క చూసినంక ఇంకేం ఫికర్" అంటూ. సాయంత్రానికి ఆరుగురయ్యారు.

జానయ్య చెవికి దొరకని వదులు నట్టు నా చేతికి ఎట్లా దొరికింది? అది నిజంగానే వదులై ఉందో, నేను వచ్చే ముందే వదులు చేసి పెట్టాడో ఎన్నిసార్లు అడిగినా ఆ మనిషి చెప్పడు.

"ఎందుకమ్మా, ఇంకోటి బిగించాల్నా?" అంటాడు.